పాలేరు నుంచి ప్రోగ్రామర్ దాకా: వృత్తి మార్పు కథల్లో కులం

'సాఫ్ట్‌వేర్‌కు కులం లేదు' అనే మాట ఇయ్యాల సామెతలాగా చలామణీ అవుతున్నది. కంప్యూటర్ నీ ఇంటిపేరు అడగదు, రాసిన ప్రోగ్రాం సరిగా ఉంటే నడుస్తది, లేకపోతే ఆగిపోతది, ఇందులో కులం ఎక్కడుందని నిలదీస్తున్నారు. ఈ మాట అనేవాళ్లంతా అగ్రకులాలవాళ్లే అయితే జవాబు చెప్పడం తేలిక. కాని మన వాడల నుంచి పోయి, రెండేళ్లో మూడేళ్లో కష్టపడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్న మన పిల్లలు కూడా అదే మాట అంటున్నారు. "అన్నా, మీరు యూనివర్సిటీల కూసొని కులం కులం అంటరు. నేను ఏడాదిల నా బతుకు మార్చుకున్న" అని నా ముఖం మీదే చెప్పిన తమ్ముళ్లున్నారు. వాళ్ల మాటను కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది. చెల్లె పెండ్లి అప్పు లేకుండా అయింది. తండ్రి ఒకరి పొలంలో జీతానికి ఉండడం మానేసిండు. ఇవి చిన్న మార్పులు కావు.

అయితే ఈ మార్పు చుట్టూ ఒక కథ తయారైంది. శిక్షణ సంస్థల కరపత్రాల్లో, పత్రికల జిల్లా పేజీల్లో, కాలేజీ సభల్లో, వీడియోల్లో అదే కథ మళ్లీ మళ్లీ వినిపిస్తున్నది. మన సాహిత్య విమర్శకులు కవిత్వాన్ని, నవలను పట్టించుకున్నంతగా ఈ కథను పట్టించుకోలేదు. కాని మన వాడల్లో కవిత్వం చదివేవాళ్ల కంటే ఈ కథను నమ్మి బతుకులు పందెం వేసేవాళ్లే ఎక్కువ. అందుకే దీన్ని ఒక సాహిత్య ప్రక్రియను చదివినట్టే చదవాలి. దీని నాయకుడు ఎవరు? మలుపు ఎక్కడ? ఏ సంగతిని చెప్పకుండా దాటవేస్తున్నది?

కథ అచ్చు

కథ దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. నాయకుడు బీఎస్సీ, బీకాం, బీఈడీ, మెకానికల్ ఇంజనీరింగ్ ఇట్లాంటిదేదో చదివి ఉంటాడు. ప్రైవేటు బడిలో పంతులుగానో, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గానో, డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గానో చాలీచాలని జీతానికి పనిచేస్తుంటాడు. ఒకరోజు 'ఇట్లా లాభం లేదు' అని నిర్ణయించుకుంటాడు. అమీర్‌పేట బస్సెక్కుతాడు. మైత్రీవనం చుట్టుపక్కల ఏదో సంస్థలో జావానో టెస్టింగో నేర్చుకుంటాడు. ఆరు నెలలు రాత్రింబవళ్లు కష్టపడతాడు. నాలుగైదు ఇంటర్వ్యూలు తప్పుతాడు. చివరికి ఆఫర్ లెటర్ వస్తుంది. తల్లి కళ్లల్లో నీళ్లు. నీతి ఏమంటే, పట్టుదల ఉంటే ఎవరైనా మారవచ్చు.

ఈ కథలో 'ఆరు నెలలు' అన్న మాట ఒక్క వాక్యంలో అయిపోతుంది. నా దృష్టిలో కులం దాక్కున్న చోటు ఆ వాక్యమే. దాని దగ్గరికి పోయే ముందు, తెలుగులో ఇంతకు ముందున్న వృత్తి మార్పు కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం స్వాతంత్ర్యానికి ముందు రాసింది. కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడిన నాటకమది. పాలేరుగా ఉన్న పిల్లవాడు చదువుకొని అధికారి స్థాయికి ఎదగడం అందులో కథ. భీమన్న తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు కూడా 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. ఆ కథకు పరిమితులున్నాయి. ఒక్కడు పైకి పోతే వాడంతా పైకి పోయినట్టు కాదని తర్వాతి తరం విమర్శించవచ్చు. కాని ఆ కథలో ఒక నిజాయితీ ఉంది. ఆ పిల్లవాడు ఎక్కడి నుంచి బయలుదేరాడో పేరులోనే ఉంది. నిచ్చెన ఏదో కూడా కనపడుతుంది: బడి, పంతులు, ప్రభుత్వ ఉద్యోగం. అంటే పాలేరు తనంతట తాను మారలేదు, మారడానికి సమాజం ఏదో ఒకటి చెయ్యాల్సి వచ్చిందని నాటకం ఒప్పుకుంటుంది.

అమీర్‌పేట కథ ఈ రెంటినీ తుడిచేసింది. నాయకుడు ఎక్కడి నుంచి వచ్చాడంటే 'పేద కుటుంబం' అంటుంది, కులం చెప్పదు. నిచ్చెన ఏదంటే 'పట్టుదల' అంటుంది. వెల్ఫేర్ హాస్టల్, స్కాలర్‌షిప్, 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, రిజర్వేషన్ సీటు, వీటిలో ఒక్కటీ కథలోకి రాదు. ఇవి లేకుండా మనలో ఎంతమందిమి డిగ్రీ గడప తొక్కేవాళ్లం? ప్రజల సొమ్ముతో, పోరాటాలతో కట్టిన మెట్లన్నీ మాయమై ఒక్కడి గుండె ధైర్యం మాత్రమే మిగులుతుంది. ఇట్లా మాయం చేసిన తర్వాత 'మరి రిజర్వేషన్లు ఎందుకు?' అనే ప్రశ్న అడగడం తేలికవుతుంది. అందుకే ఈ కథ అమాయకమైంది కాదంటున్నాను.

అంబేద్కర్ వేసిన కొలబద్ద

వృత్తి మార్చుకోవడం మనకు చిన్న విషయం కాదు. 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన' రాసినప్పుడు కులవ్యవస్థ మీద చేసిన ప్రధాన అభియోగాల్లో ఇదొకటి. కులం పనిని పంచే పద్ధతి మాత్రమే అయితే తప్పేముంది అనేవాళ్లకు ఆయన జవాబు చెప్పాడు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషులనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని నిలబెడుతుంది. మనిషికి ఏ పని ఇష్టమో, ఏది చేతనవుతుందో చూడదు, పుట్టుకను చూసి పని అంటగడుతుంది. పరిశ్రమ ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. పాత పనులు పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. అప్పుడు ఒక పని నుంచి ఇంకో పనికి మారే స్వేచ్ఛ లేకపోతే మనిషి ఆకలితో చావాలి. దేశంలో నిరుద్యోగానికి కులం నేరుగా కారణమవుతున్నదని ఆయన అన్నది ఈ అర్థంలోనే.

ఈ లెక్కన ఒక మాదిగ పిల్లవాడో మాల పిల్లో సాఫ్ట్‌వేర్‌లోకి పోవడం కులవ్యవస్థ మీద దెబ్బే. అందులో అనుమానం లేదు. చెప్పు కుట్టినవాళ్ల, డప్పు కొట్టినవాళ్ల, నాట్లేసినవాళ్ల పిల్లలు ప్రోగ్రాం రాస్తున్నారంటే పుట్టుకకూ పనికీ ఉన్న ముడి ఒకచోట తెగినట్టే. అయితే అంబేద్కర్ కొలబద్ద ఒక్క మనిషికి వేసేది కాదు. మారే హక్కు అందరికీ సమానంగా ఉన్నదా అని అది అడుగుతుంది. ఒకరు తడబడకుండా మారి, ఇంకొకరు ఉన్నదంతా అమ్ముకొని మారాల్సి వస్తే ఆ హక్కు సమానంగా ఉన్నట్టు కాదు.

ఆరు నెలలు ఎవరివి?

ఇప్పుడు ఆ 'ఆరు నెలల' దగ్గరికి వద్దాం. మా హాస్టల్‌లో ఉన్న మిత్రుడొకాయన ఎమ్మెస్సీ బోటనీ చదివి డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసిండు. పీరియడ్‌కు ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు. ఎండాకాలం సెలవుల్లో జీతం లేదు. ముప్పై దాటినంక టెస్టింగ్ కోర్సులో చేరిండు. కోర్సు ఫీజు ఆయనకు పెద్ద సమస్య కాలేదు. అమీర్‌పేటలో ఫీజులు అందుబాటులోనే ఉంటాయి, అది ఆ బజారు చేసిన మేలు. సమస్య ఏమంటే, కోర్సులో చేరిన రోజు నుంచి మొదటి జీతం దాకా ఆయన ఊరికి పంపే డబ్బు ఆగిపోయింది. ఆ డబ్బు మీద తల్లి మందులు, తమ్ముని చదువు, సంఘం అప్పు కిస్తీ నడుస్తున్నయి. మూడో నెలలో ఆయన క్లాసు మానేసి రాత్రిపూట డెలివరీ పనికి పోయిండు. పగలు నిద్ర ముంచుకొస్తుంటే క్లాసులో చెప్పేది తలకెక్కలేదు. అదే బ్యాచ్‌లో ఆయన పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో పిల్లగాడు భూములున్న కుటుంబం నుంచి వచ్చిండు. రెండుసార్లు కోర్సు మార్చిండు, ఏడాదిన్నర ఇంటి డబ్బుతో ఆగిండు, చివరికి మంచి ఉద్యోగమే పట్టిండు. ఆ పిల్లగాడు కష్టపడలేదని నేననను. కష్టపడడానికి కావలసిన తీరిక ఆయనకు ఇంటి నుంచి వచ్చింది.

చదువు, డబ్బు, ఇంగ్లీషు గురించి మనం ఇదివరకు చాలా రాసినం. ఆగే శక్తి గురించి రాయలేదు. వృత్తి మారడమంటే పాత జీతానికీ కొత్త జీతానికీ మధ్య ఆదాయం లేని కాలాన్ని దాటడం. ఆ కాలాన్ని దాటించేది తాత సంపాదించిన భూమి, తండ్రి పింఛను, మేనమామ ఖాళీ గది. మన ఇండ్లల్లో డబ్బు పైనుంచి కిందికి రాదు, పిల్లల దగ్గర నుంచి తల్లిదండ్రుల దగ్గరికి పోతది. మొదటిసారి చదువుకున్నవాని జీతం ఒక్కని జీతం కాదు. అది ఆగితే ఒక ఇల్లు ఆగుతది. కాబట్టి ఒకే కోర్సు, ఒకే ఫీజు, ఒకే కుర్చీ ఉన్నా ఇద్దరూ ఒకే పందెం ఆడుతున్నట్టు కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనోళ్లు సాఫ్ట్‌వేర్ వైపు పోతున్నది మోజుతో మాత్రమే కాదు. పాలేరును అధికారిని చేసిన నిచ్చెన మెట్లు విరిగినయి. 1991 తర్వాత ప్రభుత్వ నియామకాలు ఎట్లా తగ్గుతూ వచ్చినయో అందరికీ తెలుసు. తెలంగాణ 2014లో ఏర్పడితే మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ఆ అక్టోబరులో పెట్టిన ప్రిలిమ్స్‌ను పేపర్ లీకుతో 2023 మార్చిలో రద్దు చేసినారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చినారు. అశోక్‌నగర్ గదుల్లో వయసు కరిగిపోతున్నవాడు అమీర్‌పేటకు నడిచిపోతే దాన్ని 'ప్యాషన్' అని పిలవడం అన్యాయం. రిజర్వేషన్ ఉన్న చోట ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉన్న చోట రిజర్వేషన్ లేదు. మన తరం ఈ రెంటి మధ్య నలుగుతున్నది.

గేటు దగ్గర

ఇక ఇంటర్వ్యూ దాకా వచ్చినవాని సంగతి. ఇక్కడ మనకు అనుకూలమైన పరిశోధనలనే చెప్పి ఊరుకుంటే లాభం లేదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, వేరువేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి చూసినారు. దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చినయి. మనం తరచుగా చెప్పేది ఇదే. కాని 2009లో అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్ట్రాండ్, సౌగతో దత్తా, సెంధిల్ ముల్లైనాథన్ ఢిల్లీ ప్రాంతంలో చేసిన అట్లాంటి అధ్యయనమే అచ్చయింది. అందులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వరకు అగ్రకులేతర పేర్లున్నందుకు పిలుపులు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. 'సాఫ్ట్‌వేర్‌కు కులం లేదు' అనేవాళ్లకు ఇది పెద్ద అస్త్రం.

ఆ ఫలితాన్ని ఒప్పుకుందాం. అది చెప్పేదేమిటి? సమానమైన దరఖాస్తు ఉంటే మొదటి పిలుపు దగ్గర ఇంటిపేరు అడ్డం రాలేదని. ఆ ప్రయోగంలో దరఖాస్తులు పరిశోధకులు తయారు చేసినవి. సమానత్వం వాళ్లు కాగితం మీద పెట్టింది. బతుకులో ఆ సమానమైన దరఖాస్తు ఎక్కడి నుంచి వస్తుంది? అదే 2007లో కారల్ ఉపాధ్య బెంగుళూరు ఐటీ పరిశ్రమను పరిశీలించి, అందులో ఎక్కువమంది నగరాల నుంచి, మధ్యతరగతి, అగ్రకుల, చదువుకున్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లేనని చూపింది. గేటు దగ్గర కులం అడగకపోయినా గేటు ముందు వరుసలో నిలబడ్డవాళ్లెవరో కులమే తేల్చి పంపింది.

పిలుపు వచ్చినంక జరిగేది వేరు. అశ్విని దేశ్‌పాండే, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ విశ్వవిద్యాలయాల విద్యార్థులను అనుసరించి చేసిన పరిశీలనలో ఇంటర్వ్యూల్లో 'కుటుంబ నేపథ్యం' అనే ప్రశ్న ఎట్లా పనిచేస్తుందో బయటపడింది. నాన్నగారు ఏం చేస్తారు? చాలా మర్యాదగా అడిగే ప్రశ్న. బ్యాంకు మేనేజరు కొడుకు దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్తాడు. కూలి కొడుకు జవాబు చెప్పే ముందు లోపల ఒక యుద్ధం చేస్తాడు. అబద్ధమాడాల్నా, నిజం చెప్పాల్నా? చెప్తే జాలిపడతారా, తక్కువ చేస్తారా? ఆ క్షణం తడబాటుకు ఇంటర్వ్యూ భాషలో 'కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు' అని పేరు.

వృత్తి మార్చుకునేవానికి ఇంకో రెండు గేట్లున్నయి. ఒకటి రెఫరల్. కంపెనీలో పనిచేసేవాళ్లు తమకు తెలిసినవాళ్ల పేర్లు ఇస్తారు, ఆ దరఖాస్తు ముందుకు పోతుంది. దీన్ని కంపెనీలు పద్ధతిగానే నడుపుతాయి. తెలిసినవాళ్లంటే ఎవరు? మన సమాజంలో స్నేహాలు, పెండ్లిండ్లు, అద్దె గదులు ఏ గీతల మీద నడుస్తయో ఆ గీతల మీదనే రెఫరల్ నడుస్తుంది. ఎవరూ దళితుడిని కాదనక్కర లేదు, తన బామ్మర్దిని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండోది 'అనుభవం'. కొత్తవాళ్లను తీసుకోరు, అనుభవం కావాలంటారు. అనుభవం లేనివానికి దొంగ అనుభవపత్రం అమ్మే కన్సల్టెన్సీలు అమీర్‌పేట చుట్టూ పుట్టుకొచ్చినయి. ఈ సంగతి ఆ బజారులో అందరికీ తెలుసు. లోపల మనిషి ఉన్నవానికి నిజమైన దారి దొరుకుతుంది. ఎవరూ లేనివాడు అప్పు చేసి దొంగ కాగితం కొంటాడు. తనిఖీలో దొరికితే ఉద్యోగం పోతది, పేరు పోతది, అప్పు మిగులుతది. అప్పుడు సమాజం వాని నీతి గురించి మాట్లాడుతుంది, వానికి నిజమైన దారి ఎందుకు లేదో మాట్లాడదు.

లోపలికి పోయినంక

లోపలికి పోతే కథ ముగిసిందనుకుంటాం. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద, ఇద్దరు మేనేజర్ల మీద దావా వేసింది. ఒక దళిత ఇంజనీరుపై కులవివక్ష చూపారని, ఆయన ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరిన సంగతి సహోద్యోగులకు తెలిసేట్టు చేశారని అభియోగం. కంపెనీ దాన్ని ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరి మీద దావాను ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద దావా మాత్రం అప్పటికి కొనసాగింది. ఆ అభియోగం రుజువైందని నేననడం లేదు. కాని ఆ దావా మాటలాడే భాషను మార్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నర్ వీటో చేసిండు. తెలుగువాళ్లు వేల సంఖ్యలో పనిచేసే చోట్ల ఇదంతా జరిగింది. మన దగ్గర కులం లేదన్న పరిశ్రమ సముద్రం దాటినంక కులం గురించి వాదించాల్సి వచ్చింది.

అజంతా సుబ్రమణియన్ 2019లో ఐఐటీ మద్రాస్ మీద రాసిన పుస్తకంలో ఈ పరిణామాన్ని వివరించింది. అగ్రకులాలవాళ్లు తమ కులాన్ని ప్రతిభ అనే పేరుతో మోసుకుపోతారు, అందువల్ల వాళ్లకు కులం లేనట్టు కనపడుతుంది. దళితుడు మాత్రం ఎక్కడికి పోయినా కులంతోనే కనపడతాడు. మన పిల్లలు ఆఫీసులో ఇంటిపేరు కుదించుకోవడం, కోటా గురించి మాట వస్తే టీ కప్పు పట్టుకొని లేచిపోవడం, ఏప్రిల్ 14న సెలవు పెట్టి కారణం రాయకపోవడం ఇందుకే. వాళ్లు మారింది వృత్తి. దాచాల్సి వస్తున్నది కులం.

తిరుగు ప్రయాణాలు రెండు

ఇప్పటిదాకా సాఫ్ట్‌వేర్‌లోకి పోవడం గురించి. బయటికి రావడం గురించి కూడా మన దగ్గర ఒక కథ ఉంది. పత్రికల ఆదివారం అనుబంధాలు దాన్ని ప్రేమగా వేస్తాయి. లక్షల జీతం వదులుకొని ఊరికి తిరిగొచ్చి ప్రకృతి సేద్యం చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తలపాగా, దేశీ ఆవు, నవ్వు ముఖం. ఆ కథ చదివినప్పుడు నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆ పొలం ఎవరిది? తిరిగిరావడానికి ముందు తాతల నాటి భూమి ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం సేద్యంలో ఉన్న దళితుల్లో నూటికి డెబ్బై మంది దాకా కూలీలు. సాఫ్ట్‌వేర్ వదిలి ఊరికి పోయిన దళితుడు రైతు కాడు, ఆ ఫోటోలో కలుపు తీస్తూ వెనక కనపడే మనిషి అవుతాడు. ఒకరి తిరుగు ప్రయాణం 'త్యాగం' అవుతుంది, ఇంకొకరిది 'పతనం' అవుతుంది. పని ఒకటే, మట్టి ఒకటే, పుట్టుక వేరు.

దీని పక్కన గిడ్ల సుజాత బతుకును పెట్టి చూడండి. కాజీపేటలో పుట్టి, కాకినాడలో పెరిగి, వరంగల్ ఆర్‌ఈసీలో భౌతికశాస్త్రం చదివి, ఐఐటీ మద్రాస్‌లో పరిశోధన చేసి, 26 ఏళ్ల వయసులో అమెరికా పోయిన మాల మహిళ. న్యూయార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. 2009లో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టర్‌గా చేరింది. ఆ పనిలో చేరిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2017లో వచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ఆమె పుస్తకం. అందులో ముఖ్యపాత్ర ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి, మనందరికీ తెలిసిన శివసాగర్.

ఈ పుస్తకాన్ని ఉద్యమ చరిత్రగా, కుటుంబ చరిత్రగా చాలామంది చదివినారు. వృత్తి మార్పు కథగా చదవలేదు. అట్లా చదివితే రెండు సంగతులు కనపడతాయి. మొదటిది, ఆమె అవ్వతాతల తరం మిషనరీల బడుల్లో చదువుకుంది. తల్లి మంజుల కాలేజీ లెక్చరర్. అంటే ఆమె ఆ ఉద్యోగం దాకా పోవడానికి మూడు తరాల చదువు పట్టింది. అమీర్‌పేట కథ దాన్ని ఆరు నెలలకు కుదిస్తున్నది. దళితుల్లో కూడా ఆ మొదటి బడి ఎవరికి ముందు దొరికింది, ఎవరికి ఇంకా దొరకలేదు అనే ప్రశ్న ఇక్కడే ఉంది. వర్గీకరణ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మనలో మనం నిజాయితీగా చర్చించుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. సాఫ్ట్‌వేర్ నుంచి రైలు కండక్టర్ పనికి పోవడం ఆమెకు అవమానం కాలేదు. అది ప్రజా రవాణా సంస్థలో ఉద్యోగం. యూనియన్ ఉన్న పని. ఒక చోట ఉద్యోగం పోతే ఇంకో చోట గౌరవంగా నిలబడే వీలు దొరికింది. ఇదే మార్పు హైదరాబాదులో జరిగితే? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన మన ఆడబిడ్డ సిటీ బస్సులో కండక్టర్‌గా చేరితే ఇంట్లో, వాడలో, ఆఫీసు స్నేహితుల్లో ఏమంటారో మనకు తెలుసు. అంబేద్కర్ అడిగిన స్వేచ్ఛ పైకి ఎక్కే స్వేచ్ఛ ఒక్కటే కాదు. పక్కకు జరిగినా, ఒక మెట్టు దిగినా మనిషి మర్యాద పోకుండా ఉండే స్వేచ్ఛ కూడా. ఉద్యోగం పోతే మళ్లీ కులపు గుంతలోనే పడతామన్న భయం ఉన్నంతకాలం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న దళితుడు నోరు తెరవడు, యూనియన్ పెట్టడు, మేనేజరును ఎదిరించడు. 2022 చివరి నుంచి పెద్ద కంపెనీల్లో తొలగింపులు మొదలైనయి. కింది స్థాయి ప్రోగ్రాం పనిని యంత్రమే చేస్తుందని ఇప్పుడంటున్నారు. అందరి కంటే ఆలస్యంగా, అప్పుతో, కింది మెట్టు మీద చేరినవాళ్లకు ఆ మాట ఎట్లా వినిపిస్తుందో ఆలోచించండి.

మన వైపు లోపం, మన డిమాండ్

మన ఉద్యమాలు ఈ పిల్లలను సరిగా చూడలేదు. జీతం పెరగగానే 'మధ్యతరగతి అయిండు, జాతిని మరిచిండు' అని ముద్ర వేస్తాం. చందా కావాలంటే మాత్రం ఫోన్ చేస్తాం. మన సాహిత్యం చెప్పును, డప్పును, చీపురును, అరకను గొప్పగా రాసింది. కంప్యూటర్ ముందు కూర్చున్న దళితుని భయాన్ని, తెలివిని, ఒంటరితనాన్ని అంత శ్రద్ధగా ఇంకా రాయలేదు. మనం రాయకపోతే వాళ్ల కథను శిక్షణ సంస్థల కరపత్రమే రాస్తది.

అందుకే 'సాఫ్ట్‌వేర్‌లో రిజర్వేషన్' అన్న ఒక్క నినాదంతో ఆగకుండా, వృత్తి మార్చుకునే హక్కు అనే పేరుతో పోరాటాన్ని విస్తరించాలి. ఆగే కాలానికి భృతి కావాలి. ఎస్సీ, ఎస్టీల జనాభా దామాషాలో నిధులు కేటాయించాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం, 2017లో తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చినయి. ఆ నిధి నుంచి ఏడాది పాటు ఇంటికి పంపుకోగలిగినంత నెలసరి భృతి ఇస్తే డెలివరీ పనికి పోకుండా క్లాసులో కూర్చునే వీలుంటది. దొంగ అనుభవపత్రాల బజారును మూయాలంటే పోలీసు దాడులు చాలవు, నిజమైన అనుభవం దొరికే దారి ఉండాలి. 1961 అప్రెంటిస్ చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా వర్తిస్తది. నిర్దేశించిన ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలని అందులో రాసి ఉంది. ప్రైవేటు గేటు లోపలికి పోయే చట్టం మన చేతిలో ఉండి కూడా మనం వాడుకోవడం లేదు. సాఫ్ట్‌వేర్ పని దాని కిందికి ఎంతవరకు వస్తుందో, ఎక్కడ రావడం లేదో మన న్యాయవాదులు తేల్చాలి.

మూడోది లెక్క. కంపెనీలు తమ ఉద్యోగుల్లో ఆడవాళ్లెందరో, వికలాంగులెందరో ఏటా నివేదికల్లో చెప్తున్నయి. కులం లెక్క మాత్రం చెప్పరు. అడిగితే 'మేం కులం చూడం' అంటారు. చూడనివాళ్లు లెక్కకు ఎందుకు భయపడాలి? ఇది ప్రైవేటు వ్యవహారమని తప్పించుకోవడానికి కూడా లేదు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టింది. మొదటి పునాదిలోనే ప్రజల వాటా ఉంది. వాటా ఇచ్చినవాళ్లకు లెక్క అడిగే హక్కు ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోకి పోదామనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పోవద్దని నేను చెప్పడం లేదు. పోండి, బాగా నేర్చుకోండి, మీ తర్వాతవానికి రెఫరల్ ఇవ్వండి. బతుకు మారినంక మీ కథ చెప్పమని ఎవరైనా అడిగితే హాస్టల్ పేరు, స్కాలర్‌షిప్ పేరు, ఆ ఆరు నెలలు ఇంట్లో ఎవరు పస్తులున్నరో వాళ్ల పేరు కలిపి చెప్పండి. మిగతా వాదన ఆ లెక్కతో మొదలుపెట్టవచ్చు.